స్టీలు గోళీతో సయ్యాట!

ఉప్పల్‌ అనగానే క్రికెట్‌ స్టేడియం, నాచారం అనగానే పారిశ్రామికవాడ గుర్తొస్తాయి. ఆ చుట్టుపక్కల ఏ అపార్ట్‌మెంట్‌ రెండో అంతస్తులోకో ఓ పిన్‌బాల్‌ మెషీన్‌ ఎక్కించాలంటే? ముందు మెట్ల వెడల్పు కొలుచుకోవాలి! వంద కిలోల పైనే బరువు, ఆరడుగులకు మించిన ఎత్తు. కాళ్లు విప్పి, వెనక పెట్టె మడిచినా నలుగురు పట్టాల్సిందే.

అద్దం కింద వాలుబల్ల, దానిమీద ఉరికే స్టీలు గోళీ, అది జారిపోకుండా తన్నే రెక్కలు... ఆట ఇంతే. ఆ రెక్కలు 1947లో గాట్లీబ్‌ సంస్థ ‘హంప్టీ డంప్టీ’తో వచ్చాయి. అంతకుముందు అంతా అదృష్టమే. అందుకే జూదమంటూ న్యూయార్క్‌ 1942లో నిషేధించింది. 1976లో రోజర్‌ షార్ప్‌ అనే ఆటగాడు నగర పాలకుల ముందు గోళీ ఎటు పోతుందో ముందే చెప్పి మరీ కొట్టి చూపించాడు. నిషేధం ఎగిరిపోయింది!

కొత్తది కొనాలంటే లక్షలు కావాలి. పాతవి మన దగ్గర అరుదు. గేమ్‌ పార్లర్‌ మూసేసినవాళ్లో, విదేశాల నుంచి సామాను తెచ్చుకున్నవాళ్లో అమ్మాలి. దొరికిందే చాలని కంగారుపడితే జేబుకు చిల్లే.

మొదట చూడాల్సింది కరెంటు. అమెరికా మెషీన్లు 110-120 వోల్టులవి, మనది 230. నేరుగా ప్లగ్గు పెడితే పొగే! చాలా మోడళ్లలో లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌ తీగలు మార్చి సర్దొచ్చు... తెలిసిన ఎలక్ట్రీషియన్‌ చేతనే సుమా. ప్లగ్గుకు మూడో పిన్ను ఉందా, ఎర్తింగ్‌ అందుతోందా? పిల్లలు లోహపు అంచులు పట్టుకుని ఆడే వస్తువిది, ఇక్కడ బేరం కుదరదు.

తర్వాత వెనక పెట్టె తెరిపించాలి. 1970ల చివరి నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్‌ మెషీన్లలో స్కోర్లు గుర్తుంచుకోవడానికి చాలావాటికి బ్యాటరీలుంటాయి. ఏళ్లతరబడి వదిలేస్తే అవి కారి సర్క్యూట్‌ బోర్డును తినేస్తాయి. పచ్చటి మరకలు కనిపించాయా... ధర బాగా తగ్గించమనాలి, లేదంటే దండం పెట్టి వచ్చేయాలి. ఫ్యూజు బదులు వెండికాగితం చుట్టి ఉన్నా అంతే!

రబ్బరు రింగులు, బల్బులు పోయినా దిగులక్కర్లేదు, మార్చుకోవచ్చు. బల్లమీది రంగు అరిగి చెక్క తేలితే మాత్రం బాగుచేయడం పెద్ద తంటా. చేతిలో ఉన్న డబ్బులో మూడోవంతు రిపేర్లకు పక్కన పెట్టుకోవడం తెలివైన పని.

అన్నీ చూశాక అరగంట ఆడాలి. కొన్ని లోపాలు మెషీన్‌ వేడెక్కాకే బయటపడతాయి. రెక్కలు నీరసపడకపోతే... ఇక నలుగురినీ పిలవొచ్చు. అద్దం పట్టుకోవడానికి ఐదో మనిషి కావాలండోయ్‌!