ఉత్తమపురుష, కాలయానం, హాస్యం: ‘టైమ్‌స్ప్లిటర్స్’ వీడియోగేమ్ పరంపర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ నుంచి 2000–2005 సంవత్సరాల మధ్య వెలువడిన మూడు వీడియోగేమ్‌ల పరంపర ‘టైమ్‌స్ప్లిటర్స్’. ఆటగాడి కళ్లతోనే లోకాన్ని చూపించే తుపాకీ ఆటల్లో హాస్యానికి చోటు తక్కువ. నవ్వు పుట్టించే వేషం ఎవరికి వేశారో ఆ ‘నేను’ తెరమీద కనిపించకపోవడమే దానికి కారణం. ఈ చిక్కును ఈ పరంపర ఏ విధంగా విప్పుకుందో, అందులో కాలయానం ఏ పాత్ర పోషించిందో నాట్యశాస్త్రం చెప్పిన ఆత్మస్థ, పరస్థ హాస్యాల వెలుగులో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ హాస్యానికి ఆధారమైన ఆటపద్ధతికి, ఆ ఆటలకు తర్వాతి కాలంలో పట్టిన గతిని కూడా వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వీడియోగేమ్, ఉత్తమపురుష కథనం, హాస్యరసం, కాలయానం, చీలిన తెర, టైమ్‌స్ప్లిటర్స్

1. ప్రవేశిక

‘ఫస్ట్ పర్సన్ షూటర్’ అనే పేరులోని ‘ఫస్ట్ పర్సన్’ వ్యాకరణ పరిభాష. తెలుగు వ్యాకరణంలో దానికి సమానమైనది ఉత్తమపురుష, అంటే ‘నేను’. మాటకు మాట పెట్టి ‘ప్రథమపురుష’ అంటే అర్థం తలకిందులవుతుంది. మన వ్యాకరణంలో ప్రథమపురుష ‘వాడు’ కదా. ఈ తేడా ఇక్కడ కేవలం పరిభాషకు సంబంధించినది కాదు. ఈ వ్యాసం చెప్పదలచినదంతా ‘నేను’ ‘వాడు’గా మారే ఆ సందులోనే ఉంది.

ఈ తరహా ఆటలో తెరమీద కనిపించేది ఒక చెయ్యి, చేతిలో తుపాకీ, దాని ఎదుట లోకం. ఆటగాడి పాత్రకు ముఖం ఉండదు, నడకతీరు ఉండదు. తెరే అతని చూపు. భయానికి, ఉత్కంఠకు ఇది చక్కగా సరిపోతుంది. హాస్యానికి మాత్రం సరిపోదు. నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో భరతుడు హాస్యరసానికి చెప్పిన విభావాల్లో మొదటివి వికృతమైన వేషం, అలంకారం. ఆ తర్వాత ధార్ష్ట్యం, లౌల్యం, అసంబద్ధ ప్రలాపం వంటివి వస్తాయి. వేషం చూడడానికి మనిషి కనబడాలి. మరి ఆటలో నాయకుడే కనబడకపోతే ఎవరిని చూసి నవ్వాలి?

భరతుడు హాస్యాన్ని ఆత్మస్థం, పరస్థం అని రెండుగా విభజించాడు. తాను నవ్వితే ఆత్మస్థం, ఇతరులను నవ్విస్తే పరస్థం. ఆయన దృష్టిలో ఉన్నది రంగస్థలం మీది పాత్ర. ఇక్కడ ఆ మాటలను ఆటగాడికి అన్వయించడం, ‘తాను నవ్వడం’ అన్నదాన్ని ‘తన్ను చూసి తాను నవ్వుకోవడం’ దాకా సాగదీయడం ఈ వ్యాసకర్త తీసుకున్న చొరవ. నటుడూ ప్రేక్షకుడూ ఒక్కడే అయిన కళారూపం గురించి మాట్లాడేటప్పుడు ఆ చొరవ తప్పదని భావిస్తున్నాను.

2. నేపథ్యం

1997లో నింటెండో 64 కోసం ‘రేర్’ అనే ఆంగ్ల సంస్థ ‘గోల్డెన్ఐ 007’ అనే ఆటను రూపొందించింది. జేమ్స్ బాండ్ చిత్రం ఆధారంగా వచ్చిన ఆ ఆట, ఇంట్లో నలుగురు ఒకే టీవీ ముందు కూర్చుని తుపాకీ ఆట ఆడుకోవడాన్ని జనసామాన్యంలోకి తెచ్చింది. దానిలో పనిచేసిన డేవిడ్ డోక్, స్టీవ్ ఎల్లిస్ తదితరులు రేర్ నుంచి బయటికి వచ్చి 1999లో ‘ఫ్రీ రాడికల్ డిజైన్’ను స్థాపించారు. ప్లేస్టేషన్ 2 ఉత్తర అమెరికాలో విడుదలైన 2000 అక్టోబరులోనే, ఆ యంత్రంతోపాటే వారి తొలి ఆట ‘టైమ్‌స్ప్లిటర్స్’ మార్కెట్లోకి వచ్చింది. రెండవది 2002లో, ‘ఫ్యూచర్ పర్ఫెక్ట్’ అనే ఉపశీర్షికతో మూడవది 2005లో వచ్చాయి. మొదటి రెండింటిని ఐడాస్, మూడవదాన్ని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ప్రచురించాయి.

3. వేషాల పెట్టె

తొలి ఆటలో కథ అంటూ చెప్పుకోదగ్గది లేదు. 1935 నుంచి 2035 దాకా నూరేళ్లలో తొమ్మిది చోట్లు. ప్రతి చోటా ఒక వస్తువును వెదికి పట్టుకుని నిర్ణీత స్థలానికి చేర్చాలి. వస్తువు చేతికి చిక్కగానే ‘టైమ్‌స్ప్లిటర్లు’ అనే వికృతజీవులు గాలిలోంచి ఊడిపడతాయి. ఇక్కడ కాలయానం రంగం మార్చే తెర మాత్రమే. సమాధిగుహ తర్వాత చైనా భోజనశాల, ఆ తర్వాత అంతరిక్షం. వీటిని కలిపే సూత్రం చరిత్ర కాదు, చలనచిత్రం. ప్రతి కాలమూ ఒక సినిమాజాతికి అనుకరణ.

రెండవ ఆటలో దీనికొక చట్రం దొరికింది. 2401లో సార్జంట్ కోర్టెజ్ అనే సైనికుడు కాలస్ఫటికాలను తిరిగి తేవడానికి గతంలోకీ భవిష్యత్తులోకీ దూకుతాడు. దూకిన ప్రతిచోటా ఆ కాలపు మనిషి దేహంలోకి ప్రవేశిస్తాడు. మనకు తెలిసిన మాటల్లో చెప్పాలంటే అది పరకాయప్రవేశం. 1932 షికాగోలో అతను డిటెక్టివ్ జేక్ ఫెంటన్. 1853 నాటి అమెరికా పడమటి పల్లెలో ఎలైజా జోన్స్. 1972లో గూఢచారి చిత్రాలను వెక్కిరించే హ్యారీ టిప్పర్. 1990 సైబీరియాలోని మంచు ఆనకట్ట దగ్గర మొదలయ్యే తొలి లెవెల్ అయితే సాక్షాత్తు ‘గోల్డెన్ఐ’ ప్రారంభానికి అనుకరణ. తాము కట్టిన ఇంటిని తామే వెక్కిరించుకోవడం అన్నమాట. తెలుగు విమర్శలో పేరడీ గురించి మాట్లాడేవారు సాధారణంగా ఇతరుల రచనను అనుకరించడాన్నే చర్చిస్తారు. స్వీయరచననే పేరడీ చేయడం ఈ పరంపరలో తొలినుంచీ ఉన్న లక్షణం.

అయినా సమస్య పూర్తిగా తీరలేదు. కోర్టెజ్ ఎన్ని దేహాలు తొడుక్కున్నా, కథాదృశ్యాలు ముగిసి ఆట మొదలవగానే ఆ వేషం మళ్లీ మాయం. మిగిలేది చెయ్యి, తుపాకీ. నవ్వు ఎదుటివారి వేషాలకే పరిమితం. భరతుడి మాటలో పరస్థం.

4. చీలిన తెర

ఆత్మస్థ హాస్యానికి తొలి దారి కథలో కాదు, టీవీ తెరమీద దొరికింది. నలుగురు ఆడుతుంటే తెర నాలుగు పలకలుగా చీలుతుంది. నా పలకలో నేను కనబడను. పక్కవాడి పలకలో మాత్రం నేను స్పష్టంగా కనబడతాను. అక్కడ నేను ఒక కోతిని, లేదా మంచుమనిషిని, లేదా అల్లపు బిస్కెట్టుతో చేసిన బొమ్మను. రెండవ ఆటలో ఎంచుకోదగిన పాత్రలు నూరు దాటాయి. పక్కవాడి పలకలోకి తొంగిచూడడం బడిలో ఎలాగో ఈ ఆటలోనూ అంతే, తప్పని తెలిసీ అందరూ చేసేదే. శత్రువు ఎక్కడున్నాడో చూద్దామని తొంగిచూసిన ఆటగాడికి పొట్టికాళ్లతో గెంతుతున్న తన రూపమే ఎదురవుతుంది. ఉత్తమపురుష ఒక్క క్షణం ప్రథమపురుష అవుతుంది.

నిర్మాతలకు ఈ సంగతి తెలుసుననడానికి వారు కల్పించిన ఆటరీతులే సాక్ష్యం. ‘ష్రింక్’ అనే రీతిలో వెనకబడినవాడి ఆకారం చిన్నదవుతుంది. చిన్నవాణ్ణి కొట్టడం కష్టం కాబట్టి అవమానమే అతనికి రక్షణ. ‘మంకీ అసిస్టెంట్’లో చిట్టచివరి స్థానంలో ఉన్నవాడికి తోడుగా కోతులమూక ఒకటి వచ్చి మిగిలినవారి మీద పడుతుంది. ఒంటరిగా ఆడే సవాళ్లలోనూ ఇదే ధోరణి. ఒకచోట చేసే యుద్ధమల్లా ఇటుకలు విసిరి కిటికీ అద్దాలు పగలగొట్టడమే. మూడవ ఆటలో పిల్లులను తోలే పందెమూ ఉంది. ఓడినవాణ్ణి నవ్వుల పాలు చేస్తూనే గెలుపు అవకాశం ఇవ్వడం పోటీ ఆటల్లో అరుదు. గెలుపును గౌరవంతో ముడిపెట్టకపోవడమే ఈ హాస్యంలోని మర్యాద. ఈ రీతులన్నీ ఒక్క షరతు మీదే పండుతాయి. ఆడేవాళ్లంతా ఒకే గదిలో ఉండాలి, ఒకరి నవ్వు మరొకరికి వినబడాలి.

5. తన్ను తాను కలుసుకోవడం

మూడవ ఆటలో కోర్టెజ్ పరకాయప్రవేశం మానేస్తాడు. బోడిగుండు, గాగుల్స్‌తో తన సొంత రూపంలోనే కాలాలు దాటుతాడు. ప్రతి కాలంలోనూ ఒక సహచరుడు దొరుకుతాడు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. 1969లో అతనికి తోడయ్యే హ్యారీ టిప్పర్, రెండవ ఆటలో ఆటగాడు స్వయంగా తొడుక్కున్న దేహం. 1924 స్కాట్లండులో తోడయ్యే కెప్టెన్ ఆష్ కూడా అంతే. నిన్న ‘నేను’ అయినవారే నేడు ‘వాడు’గా పక్కన నడుస్తూ గొప్పలు చెప్పుకుంటారు. పాత ఆటలు ఆడినవారికి ఈ నవ్వు రెట్టింపు.

అసలు చమత్కారం దీనికి మించినది. 1924 ఘట్టంలో కోర్టెజ్‌కు తాళం వేసిన తలుపు అడ్డొస్తుంది. అంతలో మరో కోర్టెజ్ ప్రత్యక్షమై తాళంచెవి ఇస్తాడు. కొంతసేపటికి కథ అదే క్షణానికి మళ్లీ వస్తుంది. ఈసారి ఇచ్చేవాడు మనం, పుచ్చుకునేవాడు ఇందాకటి మనం. మరి ఆ తాళంచెవిని ఎవరు చేయించారు? ఎవరూ చేయించలేదు. పుచ్చుకున్నదే ఇచ్చాడు, ఇచ్చిందే పుచ్చుకున్నాడు. విత్తూ చెట్టూ వాదాన్ని ఇంత క్లుప్తంగా, ఆటగాడి చేతే ఆడించి చూపిన సందర్భం మరొకటి నాకు తారసపడలేదు. ఇలాంటి ఘట్టాలు ఆటలో మరికొన్ని ఉన్నాయి. ఒక కోర్టెజ్ శత్రువుల మధ్య చిక్కుకుంటే మరొకడు వచ్చి ఆదుకుంటాడు. మొదటిసారి మనం రక్షితులం, రెండోసారి రక్షకులం. సంభాషణ మారదు, దాన్ని పలికే స్థానం మారుతుంది. మొదట ఎదుటివాడి డాంబికంగా విని నవ్విన మాటనే తర్వాత మన గొంతుతో మనమే పలుకుతాం.

కాలయానం మన కథాసంప్రదాయానికి కొత్త కాదు. భాగవతంలో కకుద్మి మహారాజు కుమార్తె రేవతితో బ్రహ్మలోకానికి వెళ్లి, క్షణకాలం నిలిచి తిరిగి వచ్చేసరికి ఇరవైయేడు చతుర్యుగాలు గడిచిపోయాయి. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘ఆదిత్య 369’ శ్రీకృష్ణదేవరాయల కాలానికీ, దూర భవిష్యత్తుకూ ప్రయాణించింది, హాస్యాన్నీ పండించింది. అయితే ఆ రెండింటిలోనూ ప్రయాణికుడు పరాయి కాలాన్ని చూస్తాడు, తన్ను చూసుకోడు. ‘ఫ్యూచర్ పర్ఫెక్ట్’ ప్రత్యేకత ఆ రెండవదానిలో ఉంది.

కోర్టెజ్‌కు ఒక ఊతపదం ఉంది. వెళ్లిపోవలసిన వేళ అయిందనీ, చీలవలసిన వేళ అయిందనీ రెండర్థాలు వచ్చే శ్లేష అది. దాన్ని అతను ప్రతిసారీ వీరావేశంతో అంటాడు, పక్కనున్నవారెవరూ మెచ్చుకోరు. శ్లేషలో దాగిన చీలికను కథ అక్షరాలా నిజం చేస్తుంది. ప్రతినాయకుడు జేకబ్ క్రో విషయంలోనూ అంతే. చావును జయించాలన్న పిచ్చిలో ఉన్న ఈ శాస్త్రవేత్త ప్రయోగాల నుంచే టైమ్‌స్ప్లిటర్లు పుట్టాయి. వృద్ధుడైన క్రో గతంలోకి వచ్చి యువకుడైన క్రోతో చేతులు కలుపుతాడు. కాకపోతే కోర్టెజ్ తన్ను తాను కలిసినప్పుడు నవ్వు పుడుతుంది, క్రో కలిసినప్పుడు అహంకారం రెట్టింపవుతుంది. ఆత్మస్థ హాస్యం తెలిసినవాడికీ తెలియనివాడికీ ఉన్న తేడా ఇదేననిపిస్తుంది.

6. ఆటల తదుపరి చరిత్ర

2008లో ప్లేస్టేషన్ 3 కోసం ఫ్రీ రాడికల్ ‘హేజ్’ అనే గంభీరమైన సైనిక ఆటను విడుదల చేసింది. అది ఆశించిన ఆదరణ పొందలేదు. అదే ఏడాది డిసెంబరులో సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2009లో జర్మనీకి చెందిన క్రైటెక్ దాన్ని కొన్నది. నాలుగవ టైమ్‌స్ప్లిటర్స్ వెలుగు చూడలేదు. అప్పటికి తుపాకీ ఆటల మార్కెట్ అంతర్జాలం మీదికి, గంభీర యుద్ధకథల మీదికి మళ్లింది. నూరుమంది నాయకులున్న ఆటకు పెట్టె అట్టమీద ఏ ఒక్కరి బొమ్మ వేయాలి అన్నది వ్యాపారదృష్టిలో చిన్న ప్రశ్న కాదు. కోతి బొమ్మ వేస్తే పెద్దలు కొనరు, సైనికుడి బొమ్మ వేస్తే ఆటను గురించి అబద్ధం చెప్పినట్టవుతుంది. ఎవరి ఇంట్లో వారు కూర్చుని ఆడే పద్ధతి స్థిరపడ్డాక తొంగిచూడడానికి పక్కవాడి పలకే లేకుండా పోయింది.

ఈ పరంపర భద్రపడిన తీరు ఆసక్తికరం. 2016లో అదే నాటింగ్‌హామ్‌లోని డాంబస్టర్ స్టూడియో రూపొందించిన ‘హోమ్‌ఫ్రంట్: ద రెవల్యూషన్’ అనే ఆటలో, ఒక మూల ఉన్న నాణేల ఆటయంత్రం దగ్గరికి వెళ్తే టైమ్‌స్ప్లిటర్స్ 2లోని కొంత భాగం ఆడుకోవచ్చు. నిజానికి అందులో మొత్తం ఆటనే దాచారని, దాన్ని తెరిచే మీటల వరుస ఉందని 2021లో లోకానికి తెలిసింది. హక్కుదారుల ప్రణాళిక ఏదీ చేయలేని పనిని ప్రోగ్రామర్ల అభిమానం చేసింది. గ్రంథాలయాలు, తాళపత్రాల సేకరణ గురించి ఎంతో శ్రద్ధగా రాసే మనం, ఇరవైయేళ్ల వయసు కూడా లేని ఒక కృతి మరో కృతి కడుపులో దాక్కుని బతకవలసి వచ్చిందన్న విషయాన్ని గమనించాలి.

హక్కులు 2018లో కోక్ మీడియాకు చేరాయి. 2021లో డోక్, ఎల్లిస్‌ల ఆధ్వర్యంలో ఫ్రీ రాడికల్ మళ్లీ ఏర్పడింది. మాతృసంస్థ ఎంబ్రేసర్ చేపట్టిన పొదుపు చర్యల్లో భాగంగా 2023 డిసెంబరులో మళ్లీ మూతపడింది. కొత్త ఆట ఈసారీ రాలేదు. 2024 ఆగస్టులో పాత మూడు ఆటలు ప్లేస్టేషన్ 4, 5ల మీద తిరిగి విడుదలయ్యాయి. 2005లో మూడవ ఆటతోపాటు ఇచ్చిన అంతర్జాల సదుపాయం సర్వర్లతోపాటే ఏనాడో పోయింది. తెరను చీల్చుకుని ఒకే గదిలో ఆడే భాగానికి మాత్రం సర్వర్లతో పనిలేదు. ఇంకో కంట్రోలరు, పక్కన ఇంకో మనిషి ఉంటే చాలు.