‘తౌహీద్’ను తెలుగు చేయడం

కొన్నేళ్ల క్రిందట ఒక ఉర్దూ వ్యాసాన్ని తెలుగు చేస్తూ, ‘తౌహీద్’ అన్న పదం వచ్చినచోట నేను ‘అద్వైతము’ అని వ్రాశాను. వ్రాతప్రతి చదివిన ఒక ఉర్దూ పండితమిత్రుడు, “మా మాటను తెలుగులోకి తెచ్చారా, మీ మాటను మాకు తొడిగారా?” అని అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానం వెదకుకొన్న ఫలితమే ఈ వ్యాసం.

అరబ్బీలో తౌహీద్ క్రియాజన్యమైన విశేష్యం. ‘ఒకటి’ అన్న అర్థమిచ్చే ధాతువునుండి పుట్టినది. ఒక్కడుగా ఎంచడం, ఒక్కడే అని ప్రకటించడం దాని భావం. కనుక ‘ఏకత్వము’ అన్నా చాలదు. ఏకత్వం ఒక స్థితి. తౌహీద్ మనిషి చేయవలసిన పని. విశ్వాసవచనమైన కలిమా ‘లేదు’ అన్న నిషేధంతోనే ఆరంభమవుతుంది. ఆరాధ్యుడు మరొకడు లేడని తోసివేసిన తరువాతనే అల్లాహ్ నామం వస్తుంది. ఖురాన్‌లోని 112వ అధ్యాయం ‘ఇఖ్లాస్’లో ఉన్నవి నాలుగే వాక్యాలు, వాటిలో చివరి రెండూ దేవునికి సంతానం లేదు, జన్మ లేదు, సాటి లేదు అన్న నిషేధాలే.

అద్వైతమూ నిషేధరూపమైన పదమే గదా అని ఆక్షేపింపవచ్చును. అయితే అది నిషేధించేది జీవబ్రహ్మల భేదాన్ని. తౌహీద్ నిషేధించేది దేవునికి భాగస్వామిని. సృష్టికర్తకూ సృష్టికీ నడుమనున్న అంతరాన్ని అది చెరపదు, కాపాడుతుంది. ఇబ్న్ అరబీ (1165-1240) మార్గంలోని సూఫీలు అస్తిత్వమొక్కటే అన్న మాట నిజమే. కాని షేక్ అహ్మద్ సర్హిందీ (1564-1624) దానిని విమర్శించి, ఆ ఐక్యం సాధకుని అనుభవమే గాని వస్తుతత్త్వం కాదన్నాడు. వివాదంలోనున్న ఒక పక్షాన్ని మూలపదానికే అర్థంగా ఇవ్వడం అనువాదకునికి తగదు.

‘ఇబాదత్’ను ‘పూజ’ అనడంలోనూ ఇట్టి చిక్కే ఉన్నది. పూజ అనగానే మనకు పుష్పం, దీపం, నైవేద్యం స్ఫురిస్తాయి. ఇబాదత్‌కు చుట్టమైన ‘అబ్ద్’ అన్న మాటకు దాసుడని అర్థం. మనం తరచు వినే అబ్దుల్లా అన్న పేరు భగవద్దాసుడనే చెబుతున్నది. నవవిధభక్తులలోని ‘దాస్యం’ ఇక్కడ పూజకంటె దగ్గరి పదం.

తౌహీద్‌కు విరుద్ధమైనది ‘షిర్క్’, అనగా దేవునికి భాగస్వామిని కల్పించడం. విగ్రహారాధన ఒక్కటే షిర్క్ అనుకోవడం పొరపాటు. పదిమంది చూడాలని చేసే ఆరాధనను హదీసు ‘చిన్న షిర్క్’ అన్నది. లోకుల మెప్పు కూడా దేవునికి భాగస్వామి కాగలదన్నమాట! ముస్లిం పాత్రల అంతరంగాన్ని చిత్రింపగోరే మన కథకులకు ఈ ఒక్క సూక్ష్మం ఎంతో ఉపకరించును.

నమాజును, రంజానును తెలుగు ఏనాడో తనలో కలుపుకొన్నది. తౌహీద్‌ను కూడా తౌహీద్‌గానే ఉంచి, మొదట వచ్చినచోట ‘దేవుడొక్కడే అని ఎంచి ఆయనకే దాస్యం చేయడం’ అని వివరించడం మేలు. సవరించిన నా ప్రతిలో అట్లే వ్రాశాను. మిత్రుడు ఈసారి ఆ పుటపై ప్రశ్న వేయలేదు.