సకురా పూలు – పరదేశోపాధ్యాయుడు

జపాను దేశమున విద్యాసంవత్సరము ఏప్రిల్ మాసమున నారంభమగును. మార్చిలో పై తరగతివారు పట్టములు గైకొని వెడలుదురు; ఉపాధ్యాయుల బదిలీలును ఆ దినములలోనే జరుగును. నెల తిరుగగానే, చాల తావుల సకురా పూలచెట్ల క్రిందుగా, క్రొత్త బాలురు తల్లుల చేతులు పట్టుకొని బడికి వత్తురు. మన విశాఖపట్టణమున ఆ దినములలో బాలురు పరీక్షల భయమున వేపపూత వంకయైనను చూడక పుస్తకములపై తలలు వంచియుందురు. ఋతువును బడితో ముడివేసిన జాతికిని, ఋతువును బడి వెలుపల నిలిపిన జాతికిని గల యంతర మల్పము కాదని మా యభిప్రాయము.

ఆ దేశపు వసంతమును తెలిసికొనగోరి చూచిన పరదేశీయులలో లఫ్కాడియో హెర్న్ అగ్రగణ్యుడు. గ్రీకు తల్లికి, ఐర్లండు తండ్రికి జనించి, అమెరికాలో పత్రికావిలేఖరియై, ఒంటికంటితోనే లోకమును చూచిన యీతడు 1890 ఏప్రిల్ 4వ తేదీన యొకొహామా రేవున దిగెను. ఆ యేటి ఆగస్టు నాటికి పడమటి సముద్రతీర ప్రాంతమున, షింజీ సరస్సు నొడ్డున నున్న మట్సుయే యను పాత కోటపట్టణమున ఆంగ్లోపాధ్యాయుడయ్యెను. అచటికి రైలు మార్గము లేదు. మనుష్యులు లాగు బండిపై కొండలు దాటి చేరవలసి వచ్చెను. మొదటి శీతకాలము అతనిని మంచమెక్కించెను. ఆ చలి తీరిన పిమ్మట వచ్చిన వసంతము అతనికి ఎట్టి విందో ఊహింపవచ్చును. ముందు ఉమే పూలు, పిదప సకురా. ఆకు తొడుగకమున్నే కొమ్మ యెల్ల పూవగును. అతడు విద్యార్థులు వ్రాసిన వ్యాసములను దిద్దుటతో తృప్తి నొందలేదు. వారు దేనిని ప్రేమింతురో, చచ్చినవారిని ఎట్లు తలంతురో యడిగి తెలిసికొనెను. అచటి కోయిజుమి సెట్సు అను నామెను వివాహమాడి, ఆమె నోట పల్లెకథలు వినెను. 1894లో వెలువడిన అతని జపాను గ్రంథమున 'ఒక ఆంగ్లోపాధ్యాయుని దినచర్య' యను ప్రకరణము గలదు. 1896లో జపాను పౌరుడై కోయిజుమి యకుమో యను పేరు దాల్చెను.

ఇచట మనవారు గమనింపదగిన దొకటి కలదు. హెర్న్ జపానునకు ప్రభువుగా పోలేదు, జీతగాడుగా పోయెను. ఆనాటి జపాను ప్రభుత్వము పరదేశీయులను గడువు పెట్టి పిలిచి, విద్య గ్రహించి, తమవారు సిద్ధము కాగానే సెలవిచ్చి పంపెడిది. టోక్యో విశ్వవిద్యాలయమున 1903లో హెర్న్ విడిచిన స్థానమునకు వచ్చినవారిలో నత్సుమే సోసెకి యొకడు. మన దేశమునకు వచ్చిన తెల్ల యాచార్యుడన్ననో, పాలకుని నీడ వెంటబెట్టుకొని వచ్చెను. వేమన పద్యములను సేకరించిన బ్రౌను దొర వంటివారు లేకపోలేదు. ఆయనయు కుంపిణీ యుద్యోగియే. మదనపల్లె కళాశాలలో బోధించిన ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ వేరు రకము. ఆయన 1919లో టోక్యో కెయో విశ్వవిద్యాలయమున బోధింపబోయి, 1923లో 'నవీన జపాను' పేర గ్రంథము ప్రకటించెను.

జపాను పూలనే పొగడి ఊరకుండుట విశాఖవాసులకు చెల్లదు. హెర్న్ మట్సుయేలో పాఠములు చెప్పుచున్న 1890 అక్టోబరు 30వ తేదీననే చక్రవర్తి విద్యాశాసనము వెలువడెను. సామ్రాజ్యము కొరకు ప్రాణమర్పింపవలెనని బాలురకు నేర్పుటకు అది యాధారమయ్యెను. రాలు సకురా రేకు చచ్చు సైనికునకు గురుతయ్యెను. 1942 ఏప్రిల్ 6వ తేదీన, వారి దేశమున బడులు తెరచు దినములలోనే, వారి విమానములు మన విశాఖ రేవుపైనను కాకినాడపైనను బాంబులు వేసెను. 1945లో మనుష్యుడు కూర్చుండి నడపి, తానును చచ్చు విమానబాంబునకు వారు పెట్టిన పేరు 'ఓకా' – సకురా పువ్వని యర్థము. పసిబిడ్డల బడిముంగిట పూచు పూవునకు ఇంతకన్న నపచారము కలదా? ఆ శాసనమును 1948లో వారి శాసనసభయే రద్దుచేసెను.

యుద్ధానంతరము అదే రేవునుండి బైలదిల్లా ఇనుపరాయి జపాను ఉక్కుకొలుములకు పోయెను. దాని కొరకు 1960 తరువాతి యేండ్లలో నిర్మించిన కొత్తవలస–కిరండూలు రైలుమార్గము అనంతగిరి, అరకు కొండల మీదుగా సాగును. ఆ కొండలపై వేసవి తొలిజల్లులు కురిసిన వెంటనే కాఫీతోటలు మల్లెవాసనతో తెల్లగా పూచును. సకురాను చూడ సముద్రములు దాటు మనవారిలో ఈ పూత నెరిగినవా రెందరు?

1987 నుండి జపాను ప్రభుత్వము పరదేశ యువకులను పల్లెబడులకు సైతము భాషాసహాయకులుగా పిలుచుచున్నది. అచటి పల్లెలలో పిల్లలు తరిగిపోయి పెక్కు బడులు మూతపడినవి. అట్టి చోటికి పోయిన యువకునికి మార్చి మాసపు వీడ్కోలు, తరగతికే కాక బడికే వీడ్కోలు కావచ్చును.

ఇక మన మన్యము సంగతి. విశాఖనుండి పాడేరు పైయూళ్లకు పోవు తెలుగు ఉపాధ్యాయుడు అచట పరదేశియే. పిల్లల యింటి పలుకు పెక్కు చోట్ల కువి లేక ఆదివాసి ఒరియా. చైత్రమున వారి ఇటుకల పండుగ వచ్చును. ఊరు విత్తనములను పూజించి వేటకు వెడలును. ఆ దినము హాజరుపట్టీలో 'రాలేదు' అని వ్రాసి తలుపు మూయు ఉపాధ్యాయుడు కలడు; పిల్లల వెంట పోయి చూచి, మరునాడు పండుగ మాటలనే నల్లబల్లపై వ్రాయువాడు నుండవచ్చును. 2004లో గిరిజన భాషలలో ప్రాథమిక బోధనకు ఉమ్మడి రాష్ట్రమున ఆరంభించిన ప్రయత్నము ఈ రెండవవాని కొరకే. కువి నేర్చిన ఉపాధ్యాయునకు ఒక యేడైనను బదిలీ లేకుండ ఆ యూరనే యుండనిచ్చు నిబంధన కావలెనని విద్యాశాఖవారిని కోరుచున్నాము.