తూటా ఎక్కడ ఆగుతుంది?

తూటా తగిలిన ఒంట్లోనే ఆగాలన్న ఆలోచనకు ప్రసిద్ధ రూపం మన దేశంలోనే వచ్చింది. వాయవ్య సరిహద్దులో 1895 నాటి చిత్రాల్ పోరులో .303 రైఫిల్ తూటాలు ఒంట్లోంచి దూసుకుపోతున్నా మీదికొచ్చేవాళ్లు ఆగడం లేదని బ్రిటిష్ సైన్యం మొత్తుకుంది. కారణం తొడుగు. సీసం చుట్టూ గట్టి లోహం నిండుగా ఉంటే తూటా ఆకారం చెడదు, సన్నటి దారి చేసుకుని అవతలికి పోతుంది. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో కెప్టెన్ నెవిల్ బెర్టీ-క్లే ముక్కు దగ్గర తొడుగు తీసి, మెత్తటి సీసాన్ని బయటపెట్టాడు. ఒంట్లో దిగగానే అది పువ్వులా విచ్చుకుని వేగం కోల్పోయేది. గాయం ఘోరంగా ఉండేది. 1899 హేగ్ సదస్సు యుద్ధాల్లో అలాంటి తూటాలను నిషేధించింది. బ్రిటన్ 1907 దాకా ఒప్పుకోలేదు.

యుద్ధంలో వద్దన్నది నగర పోలీసులకు కావలసి వచ్చింది. ముక్కులో గుంట ఉండే హాలో పాయింట్‌కు న్యూయార్క్ పోలీసులు 1998లో మారారు. నిండు తొడుగు తూటాలు గురిపెట్టిన మనిషిని దాటి దారినపోయేవాళ్లకు తగలడమే వాళ్లు చెప్పిన ముఖ్య కారణం.

అయితే మరీ ముందే ఆగినా ముప్పే. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఎఫ్‌బీఐ ఏజెంట్ పేల్చిన తూటా విచ్చుకుంది గానీ, దుండగుడి గుండెకు చేరకముందే ఆగిపోయింది. అతను ఆ తర్వాతా కాల్చాడు. ఆరోజు ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. పరీక్షకు వాడే 10 శాతం జెలటిన్ దిమ్మలో తూటా 12 నుంచి 18 అంగుళాల లోతుకు వెళ్లాలన్న కొలమానం ఎఫ్‌బీఐ ఆ తర్వాత పెట్టుకున్నదే.

మన పౌరులకు 9 మిల్లీమీటర్ల పిస్టల్ సాధారణంగా నిషిద్ధం. లైసెన్సుతో దొరికేది ఎక్కువగా .32. తొమ్మిది ఎం.ఎం. తూటా సుమారు 8 గ్రాములు, వేగం సెకనుకు 350 మీటర్లు, శక్తి దాదాపు 490 జౌళ్లు. .32 తూటా 4.6 గ్రాములు, 275 మీటర్లు, అంటే 175 జౌళ్ల లోపే. శక్తి తక్కువ గనక పక్కవాళ్లకు ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. నిండు తొడుగుంటే ఈ చిన్న తూటా కూడా బక్కపలచని మనిషిని దాటిపోగలదు. దాన్నే హాలో పాయింట్‌గా చేస్తే, వేగం చాలక విచ్చుకోకపోవచ్చు, విచ్చుకుంటే కావలసిన లోతుకు వెళ్లకపోవచ్చు.

ఇక హైదరాబాద్ అమీర్‌పేటలోని మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ సంగతి. కోచింగ్ గదుల మధ్య ప్లైవుడ్ అడ్డుగోడలు, అద్దాల తలుపులు, మెట్ల మీద కిక్కిరిసిన పిల్లలు. హాలో పాయింట్ విచ్చుకోవడానికి తడి కండరం కావాలి. గురి తప్పి ప్లైవుడ్‌లో దూరితే గుంట చెక్కపొట్టుతో నిండిపోయి, అది మామూలు తూటాలాగే అవతలి గదిలోకి వెళుతుంది. దుకాణంలో ఎంత మంచి తూటాల పెట్టె కొన్నా, గురి తప్పిన తూటాకు ఆ మంచితనం ఉండదు. నా దృష్టిలో అసలు విషయం ఇదే.

లైసెన్సు ఉన్నవారికి ఒక్క మనవి: తూటా రకాన్ని నమ్ముకుని ధైర్యం చెయ్యకండి. అమీర్‌పేటలాంటి చోట ఎదుటివాడి వెనక ఎవరున్నారో, గోడ అవతల ఏముందో తెలియకపోతే పిస్టల్ పేల్చకండి.