నేరేడు పండు తినండి – మందు మాత్రం మానకండి!

“నేరేడు గింజల పొడి షుగరుకు మంచిదటగదా! అది వాడుతూ మాత్రలు మానెయ్యవచ్చునా?”

చక్కెర వ్యాధి ఉన్నవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. తొలకరి జల్లులు పడి, బజారులో గంపలకొద్దీ అల్లనేరేడు పళ్ళు దిగగానే ఈ ప్రశ్న మళ్ళీ తలెత్తుతుంది. ఇందులో మొదటి మాటలో కొంత నిజం ఉంది. రెండవ మాటలో మాత్రం ప్రమాదం ఉంది.

వరంగల్లులోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టునే తీసుకోండి. మిర్చికీ, పత్తికీ పేరుపడ్డ యార్డు అది. సీజనులో బస్తాలెత్తే హమాలీ పొద్దున్నే టీ తాగి పనిలోకి దిగితే అన్నం ఏ వేళకు తింటాడో చెప్పలేం. సరుకు తెచ్చిన రైతు ధర తేలి, కాంటా అయ్యేదాకా కదలడు. అటువంటివారికి షుగరు ఉంటే వేళకు తిండీ, వేళకు మాత్రా రెండూ కష్టమే. “రోజూ మాత్ర లెందుకు? చెంచాడు గింజల పొడి చాలు” అని ఎవరైనా అంటే ఆశ పుట్టడం సహజం. భారత వైద్య పరిశోధనా మండలి 2023లో వెల్లడించిన సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల పైచిలుకు. కనుక ఈ ఆశ ఒక్క ఎనుమాములలోనే కాదు, ఊరూరా ఉంది.

పూర్వులు ఏమన్నారు?

నేరేడును మన వైద్యులు ఏనాడో గుర్తించారు. చరకుడు అతిగా పోయే మూత్రాన్ని తగ్గించే పది ద్రవ్యాలను ఒకచోట చేర్చి చెప్పాడు. వాటిలో నేరేడు ఒకటి. ఇన్సులిన్ లేని రోజుల్లో ఐరోపా వైద్యులు కూడా ఈ గింజల పొడిని తమ రోగులకు ఇచ్చి చూశారు. 1921లో కెనడాలోని టొరంటో నగరంలో ఇన్సులిన్ కనుగొన్న తరువాత ఆ పొడి వెనుకబడిపోయింది. అంతవరకు చావు తప్పదనుకున్న పిల్లలు ఇన్సులిన్‌తో లేచి తిరగసాగారు. అంత పని గింజల పొడి ఏనాడూ చేయలేదు.

పండులో ఏముంది? గింజలో ఏముంది?

నేరేడు పండు తింటే నాలుక ఊదారంగుకు తిరుగుతుంది. ఆ రంగునిచ్చేవి ఆంథోసయనిన్లు అనే పదార్థాలు. రక్తంలో చక్కెర చాలాకాలం ఎక్కువగా ఉంటే శరీర కణాలలో ఒక రకమైన ‘తుప్పు’ వంటి చర్య పెరుగుతుంది. రక్తనాళాలు, నరాలు, కళ్ళు, మూత్రపిండాలు చెడిపోవడానికి అదీ ఒక కారణం. ఈ చర్యను అడ్డుకునేవాటినే యాంటీ ఆక్సిడెంట్లు అంటారు. నేరేడులోని రంగు పదార్థాలకు, వగరు పదార్థాలకు ఈ గుణం ఉన్నట్లు ప్రయోగశాలల్లో తేలింది. అయితే గాజు గొట్టంలో జరిగినదంతా మన ఒంట్లోనూ అలాగే జరుగుతుందని అనుకోరాదు.

ఇక గింజ. పిండిపదార్థం చక్కెరగా మారడాన్ని నెమ్మదింపజేసే గుణం గింజల సారానికి కనిపించింది. మధుమేహం కలిగించిన ఎలుకలలో చక్కెర తగ్గింది కూడా. మనుషుల మీద జరిగిన పరిశీలనలు మాత్రం చిన్నవి. వాటి ఫలితాలు అన్నీ ఒకే తీరుగా లేవు. బ్రెజిల్ దేశంలో నేరేడు ఆకుల కషాయాన్ని మధుమేహ రోగులకు ఇచ్చి, మామూలు మాత్రతో పోల్చి చూశారు. మాత్రతో చక్కెర తగ్గింది, కషాయంతో తగ్గలేదు.

అలాగని మొక్కలను తీసిపారేయకూడదు. నేడు షుగరుకు ఎక్కువమంది వాడే మెట్‌ఫార్మిన్‌కు మూలం గలీగా అనే ఐరోపా మొక్కే. దానిలోని రసాయనాన్ని ఆధారం చేసుకొని మందు తయారుచేసి, మోతాదు తేల్చి, 1957లో ఫ్రాన్సు వైద్యుడు జాన్ స్టెర్న్ రోగులపై ఫలితాలు ప్రకటించాడు. నేరేడు గింజ ఇంకా ఆ మెట్లన్నీ ఎక్కలేదు.

ప్రమాదం ఎక్కడ?

మాత్రలు మానిన మర్నాడే ఏమీ కాదు. మోసమంతా అక్కడే ఉంది! నొప్పి ఉండదు, జ్వరం రాదు. లోలోపల చక్కెర పెరుగుతూ పోతుంది. కొన్నాళ్ళకు పాదాలు మొద్దుబారుతాయి. చెప్పులు లేకుండా తిరిగేవానికి మేకు గుచ్చుకున్నా తెలియదు. పుండు మానక చివరకు వేలో, పాదమో తీసివేయవలసి వస్తుంది. మోతబరువుతో బతికేవానికి కాలు పోతే కుటుంబమే కూలబడుతుంది.

ఇన్సులిన్ మీద ఆధారపడిన పిల్లల సంగతి ఇంకా తీవ్రం. ఇంజక్షను ఆపి పొడి పెడితే కొద్ది రోజులలోనే వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మాత్రలతోపాటు పొడి కూడా వాడేవారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. తిండి ఆలస్యమై, ఒళ్ళు వంచి పనిచేసే రోజున చక్కెర మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, ఆకలి, తికమక – ఇవి దాని గుర్తులు. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. స్పృహ తప్పినవారి నోట ఏమీ పోయకూడదు. ఊరూ పేరూ లేని పొట్లాలలో దొరికే పొడులు కొనవద్దు. ‘మూలికా’ మందులని అమ్మినవాటిలో షుగరు మాత్రల మందే కలిపిన సందర్భాలు బయటపడ్డాయి.

మరి ఎలా తినాలి?

నేరేడు పండును మందుగా కాక పండుగానే తినండి. 100 గ్రాముల గుజ్జులో పిండిపదార్థం సుమారు 14 గ్రాములు. అరటిపండులో అంతకు దాదాపు రెట్టింపు. కనుక షుగరు ఉన్నవారు రోజుకొక చిన్న గిన్నెడు తినవచ్చు. పండ్లను బాగా కడిగి, రసం తీయకుండా నమిలి తినాలి. చక్కెర కలిపిన షర్బత్తు పనికిరాదు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు అద్దుకోవద్దు. వగరు పండు గనుక ఎక్కువ తింటే మలబద్ధకం చేస్తుంది.

గింజల పొడి వాడాలని పట్టుదల ఉంటే ఆయుర్వేద వైద్యుని సలహాతో, మాత్రలు మానకుండా వాడండి. పరగడుపు చక్కెర, మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష – ఈ రెండూ పొడికి ముందొకసారి, తరువాతొకసారి చేయించండి. పొడి పనిచేసిందో లేదో పొరుగువారు కాదు, పరీక్షే చెప్పాలి. మందు తగ్గించవలసి వస్తే ఆ పని డాక్టరు చేస్తారు.

30 ఏళ్ళు దాటినవారు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఏడాదికొకసారి షుగరు చూపించుకోండి. రోజూ రాత్రి పాదాలు పరీక్షించుకోండి. నేరేడు ఏడాదికి కొన్ని వారాలే దొరుకుతుంది, చక్కెర వ్యాధి మాత్రం ఏడాది పొడుగునా ఉంటుంది. దానికి మందూ ఏడాది పొడుగునా ఉండవలసిందే!