జాంబీలును ఇంటి పనిముట్లును: కొన్ని అపోహలు

జాంబీ కల్పితప్రాణియే యైనను దానికొక శాస్త్రము కలదు. 1932 నాటి ‘వైట్ జాంబీ’ చిత్రమున అది మాంత్రికునకు ఊడిగము చేయు అభాగ్యజీవి మాత్రమే; 1968లో జార్జి రొమేరో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ను తీసిన పిమ్మటనే, మృతకళేబరము లేచి నరమాంసమునకై తిరుగుననియు, శిరోఘాతముచేతనో అగ్నిచేతనో తప్ప కూలదనియు నియమము స్థిరపడినది. నియమమున్న చోట తర్కమునకు తావుండును గనుక, అట్టి విపత్తున చేతికందిన ఏ వస్తువు ఆయుధముగా అక్కరకు వచ్చునో విచారింపవచ్చును.

పదునైన ఖడ్గమున్నచో జయము కరస్థమని పలువురి విశ్వాసము. కాని గోడకు అలంకారముగా వ్రేలాడదీయు జపాను కత్తులలో పెక్కింటికి పిడిలోనికి చొచ్చు ఉక్కుభాగము మిక్కిలి సన్నము. గట్టిదెబ్బకు అచ్చటనే విరుగును. నిజమైన ‘కటానా’యే లభించినను, అంచును దెబ్బ దిశను ఏకరేఖపై నిలుపలేని చేతిలో అది ఎముకలో చిక్కి నిలుచును, అందుకే ఆ విద్య నభ్యసించువారు నీట నానిన చాపచుట్టలపై చిరకాలము సాధన చేయుదురు. ‘జాంబీ రెడ్డి’ (2021) చిత్రము జాంబీల కథను కర్నూలు సీమకు తెచ్చినది గదా యని వేటకొడవలిపై మోజు పడువారికిని ఇదియే సమాధానము: వంకర అంచు లోనికి దిగుట సులభము, వెలికి వచ్చుట దుర్లభము; పైగా పొట్టి పిడి మన మణికట్టును జాంబీ దంతములకు చేరువ చేయును, కాటే అంటురోగమైన చోట!

యంత్రపు రంపము సర్వసంహారకమనునది మరింత విచిత్రమైన భ్రాంతి. చెట్లు కోయువారు ధరించు రక్షణ లాగులలో పొడవైన నారపోగులు కూర్చియుందురు. గొలుసు తగిలినంతనే అవి పండ్లచక్రమునకు చుట్టుకొని రంపమును నిలిపివేయును. రంపమును బంధించుటకు పోగులే చాలునన్నచో, చింకిబట్టలతో ఎదురువచ్చు శవసమూహమున దాని భవిష్యత్తును నమ్మజాలము. కొన పైభాగము గట్టివస్తువునకు తగిలెనా, అది ఎగిరి పట్టినవాని ముఖముపైకే వచ్చును. శబ్దమా, 100 డెసిబెళ్లకు మించి, ఊరిలోని శవముల నన్నిటిని పిలుచుకొనివచ్చును.

బరువైనదే బలమైనదనుట అర్ధసత్యము. సమ్మెటను పదిమారులు ఎత్తిదించిన గృహస్థుడు రొప్పుచు నిలుచును. జాంబీకి ఆయాసము లేదు. ‘షాన్ ఆఫ్ ది డెడ్’ (2004) నాయకుడు మొదట గ్రామఫోను రికార్డులు విసరి, అవి అక్కరకు రాక, క్రికెట్టు బ్యాటు చేపట్టుట మెచ్చదగినదే. అయినను నాలుగుంబాతిక అంగుళముల వెడల్పు ఫలకము దెబ్బను చెదరగొట్టును, అంచుతో కొట్టిననే ఫలము. నా పక్షపాతమంతయు మన రోకలి మీదనే: నిడుపైనది, కొనకు ఇనుప పొన్ను గలది, ఇరుకు గుమ్మమున ఊపనక్కరలేక ముందుకు పొడిచిన చాలునట్టిది, ఎందులోను చిక్కుకొననిది.

2011లో అమెరికా వ్యాధినియంత్రణ సంస్థ, ప్రజలను నిజమైన విపత్తులకు సన్నద్ధులను చేయు తలంపుతో, జాంబీల పేరిట పరిహాసముగా ఒక జాబితా ప్రకటించినది. అందు మనిషికి రోజునకొక గ్యాలను నీరు, ఆహారము, మందులు, బ్యాటరీ రేడియో, అతుకు టేపు కలవు. ఆయుధమనదగినది వెదకిన ఒక చాకు కనబడును, అదియు పనిముట్ల వరుసలోనే.