మానిటర్‌లో బొమ్మ వస్తోంది, సౌండ్ మాత్రం రావట్లేదా? స్పీకర్ పోయిందనుకునే ముందు ఇవి చూడండి

కొత్త మానిటర్ కొన్నారు, హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టారు, బొమ్మ అదిరిపోయింది. యూట్యూబ్‌లో పాట పెడితే మాత్రం చడీచప్పుడు లేదు. లేదా నిన్నటి వరకు బాగానే మోగిన స్పీకర్లు ఈరోజు పొద్దున్నుంచి మూగబోయాయి. తెలిసినవాళ్లు నాకు పంపే కంప్లైంట్లలో ఇది తరచూ ఉంటుంది. దాదాపు అందరూ ముందే ఓ నిర్ణయానికి వచ్చేసి అడుగుతారు: "స్పీకర్ పోయినట్టుంది, ఎంతవుతుంది?"

నేను చూసినంతలో నిజంగా స్పీకర్ పోయిన కేసులు చాలా తక్కువ. సౌండ్ కంప్యూటర్ నుంచి బయల్దేరి స్పీకర్ దాకా వచ్చే దారిలో ఎక్కడో ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో తెలిస్తే పది నిమిషాల పని. తెలియకపోతే డ్రైవర్ల మీద డ్రైవర్లు వేసుకుంటూ సాయంత్రం గడిచిపోతుంది.

అసలు స్పీకర్లు ఉన్నాయా?

నవ్వకండి, ముందు ఇదే చూడాలి. చాలా మానిటర్లకు, ముఖ్యంగా బడ్జెట్ గేమింగ్ మోడల్స్‌కి, వెనక హెడ్‌ఫోన్ జాక్ మాత్రమే ఉంటుంది, లోపల స్పీకర్లు ఉండవు. కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ స్పెసిఫికేషన్స్ తెరిచి చూడండి. స్పీకర్లు ఉంటే '2 వాట్స్ × 2' లాగా రాసి ఉంటుంది. 'ఆడియో అవుట్' అని మాత్రమే ఉంటే అది జాక్ గురించి.

ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. హెడ్‌ఫోన్ జాక్ ఉన్న మానిటర్ కూడా కంప్యూటర్‌తో "నేను సౌండ్ తీసుకోగలను" అనే చెబుతుంది. విండోస్ ఆ మాట నమ్మి సౌండ్ మొత్తం అటు మళ్లించేస్తుంది. ల్యాప్‌టాప్‌కి మానిటర్ పెట్టగానే ల్యాప్‌టాప్ స్పీకర్లు ఆగిపోయాయని కంగారుపడేవాళ్లలో చాలామంది కథ ఇదే.

సౌండ్ ఏ దారిలో వస్తుంది?

హెచ్‌డీఎంఐలో బొమ్మ, సౌండ్ రెండూ ఒకే కేబుల్‌లో వస్తాయి. బొమ్మ గీతలకు మధ్య దొరికే చిన్న చిన్న ఖాళీల్లో సౌండ్ డేటాని దూర్చి పంపుతారు. డిస్‌ప్లేపోర్ట్ కూడా సౌండ్ తీసుకొస్తుంది. టైప్-సి కేబుల్‌లో బొమ్మ వస్తోందంటే సాధారణంగా సౌండూ వస్తుంది. వీజీఏ మాత్రం 1987 నాటిది, దాంట్లో బొమ్మ తప్ప ఇంకేం రాదు. డీవీఐ కూడా సాధారణంగా అంతే. కాబట్టి పాత సీపీయూకి వీజీఏ కేబుల్ పెట్టి వాడుతుంటే, మానిటర్‌కి 'ఆడియో ఇన్' జాక్ ఉంటే, 3.5 ఎంఎం కేబుల్ విడిగా కలపాల్సిందే.

ఇంకో ముఖ్యమైన విషయం: హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ సౌండ్‌ని పంపేది గ్రాఫిక్స్ చిప్. మదర్‌బోర్డ్ మీదున్న రియల్‌టెక్ ఆడియోకి దీంతో సంబంధం లేదు. "సౌండ్ రావట్లేదు" అనగానే రియల్‌టెక్ డ్రైవర్ తీసేసి మళ్లీ వేసేవాళ్లను చాలామందిని చూశాను. మానిటర్ స్పీకర్ల విషయంలో అది కాలికి దెబ్బ తగిలితే చేతికి కట్టు కట్టడమే.

పచ్చగీత టెస్ట్

సమస్య కంప్యూటర్ వైపు ఉందా, మానిటర్ వైపు ఉందా అన్నది తేల్చడానికి నేను వాడే పద్ధతి ఇది. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్, ఆ తర్వాత సౌండ్‌లోకి వెళ్లండి. కిందకి స్క్రోల్ చేస్తే 'మోర్ సౌండ్ సెట్టింగ్స్' ఉంటుంది. నొక్కితే పాత తరహా చిన్న విండో వస్తుంది. దాంట్లో 'ప్లేబ్యాక్' ట్యాబ్ తెరిచి ఉంచి, ఏదైనా పాట ప్లే చేయండి. సౌండ్ ఏ డివైజ్‌కి వెళ్తోందో దాని పక్కన పచ్చ గీతలు పైకీ కిందకీ ఆడుతుంటాయి.

ఆ గీతలు మీ మానిటర్ పేరు పక్కన ఆడుతున్నాయా, లేదా? ఇక్కడి నుంచి రెండు దారులు.

గీతలు వేరే చోట ఆడుతున్నా, అసలు మానిటర్ పేరే లేకపోయినా

వేరే డివైజ్ పక్కన ఆడుతుంటే మానిటర్ పేరు మీద రైట్ క్లిక్ చేసి 'సెట్ యాజ్ డిఫాల్ట్ డివైజ్' నొక్కండి. చాలా కేసులు ఇక్కడే క్లోజ్. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కనెక్ట్ అయినప్పుడు, మానిటర్ ఆపి వేసినప్పుడు, డ్రైవర్ అప్‌డేట్ అయినప్పుడు విండోస్ ఈ ఎంపికని మార్చేస్తుంటుంది.

గీతలు ఎక్కడా ఆడకపోతే పాట ప్లే అవుతున్న బ్రౌజర్ ట్యాబ్ మ్యూట్‌లో ఉందేమో, వాల్యూమ్ మిక్సర్‌లో ఆ యాప్ సౌండ్ సున్నాలో ఉందేమో చూడండి.

లిస్టులో మానిటర్ పేరే లేకపోతే, ఖాళీ జాగాలో రైట్ క్లిక్ చేసి 'షో డిజేబుల్డ్ డివైజెస్' టిక్ చేయండి. కనిపిస్తే 'ఎనేబుల్' చేయండి. అప్పటికీ లేకపోతే డివైజ్ మేనేజర్‌లో 'సౌండ్, వీడియో అండ్ గేమ్ కంట్రోలర్స్' కింద చూడండి. మీ గ్రాఫిక్స్‌ని బట్టి ఎన్విడియా హై డెఫినిషన్ ఆడియో, ఏఎండీ హై డెఫినిషన్ ఆడియో, ఇంటెల్ డిస్‌ప్లే ఆడియో లాంటి పేరు ఉండాలి. లేకపోతే గ్రాఫిక్స్ డ్రైవర్‌నే మళ్లీ వేయాలి. ఎన్విడియా డ్రైవర్‌ని 'కస్టమ్' పద్ధతిలో వేసేటప్పుడు 'హెచ్‌డీ ఆడియో డ్రైవర్' టిక్ తీసేస్తే మానిటర్‌కి సౌండ్ వెళ్లకపోవచ్చు, గుర్తుంచుకోండి.

మధ్యలో స్ప్లిటర్, కన్వర్టర్, డాక్ ఏమున్నా తీసేసి, ఒకే కేబుల్‌తో నేరుగా కలిపి చూడండి. కనెక్ట్ కాగానే మానిటర్ తన వివరాలన్నీ కంప్యూటర్‌కి చెబుతుంది. మధ్యవర్తి ఆ మాట సరిగ్గా చేరవేయకపోతే బొమ్మ వస్తుంది, సౌండ్ డివైజ్ మాత్రం కనిపించదు.

గీతలు మానిటర్ పక్కనే ఆడుతున్నా వినిపించకపోతే

అంటే కంప్యూటర్ తన వంతు సౌండ్ పంపుతోంది. ఇప్పుడు చూపు మానిటర్ మీదకి. దాని సొంత బటన్లతో మెనూ తెరవండి. వాల్యూమ్ సున్నాలో ఉందా, మ్యూట్ పడిందా చూడండి. హెడ్‌ఫోన్ జాక్‌లో పిన్ ఏదైనా ఉంటే తీసేయండి. అది ఉన్నంతసేపు చాలా మానిటర్లలో స్పీకర్లు పలకవు. తర్వాత 'ఆడియో సోర్స్' లేదా 'ఆడియో ఇన్‌పుట్' అనే ఆప్షన్ ఉందేమో వెతకండి. అది 'అనలాగ్' లేదా 'లైన్ ఇన్' మీద ఉంటే హెచ్‌డీఎంఐలో వచ్చే సౌండ్‌ని మానిటర్ పట్టించుకోదు.

మా పక్కింటి ఇంజనీరింగ్ కుర్రాడి మానిటర్‌కి సరిగ్గా ఇదే జరిగింది. రిపేర్ షాపులో స్పీకర్లు మార్చాలి, 1,800 రూపాయలవుతుందన్నారట. నెలాఖరు, చేతిలో డబ్బుల్లేవు, ఆన్‌లైన్ క్లాసులేమో ఫోన్‌లో వింటున్నాడు. పచ్చగీతలు మానిటర్ పేరు పక్కన హాయిగా ఆడుతున్నాయి. మెనూలో ఆడియో సోర్స్ 'లైన్ ఇన్' మీద ఉంది. 'హెచ్‌డీఎంఐ' అని మార్చగానే మోగింది. ఖర్చు సున్నా.

మెనూలో అంతా సరిగ్గానే ఉంటే మళ్లీ ప్లేబ్యాక్ ట్యాబ్‌కి రండి. మానిటర్ పేరు మీద డబుల్ క్లిక్ చేసి, 'అడ్వాన్స్‌డ్'లో ఫార్మాట్‌ని 16 బిట్, 48000 హెర్ట్జ్‌కి మార్చండి. స్పేషియల్ సౌండ్ ఆన్‌లో ఉంటే ఆపేయండి. ఆ తర్వాత మానిటర్ ప్లగ్‌ని గోడ నుంచి తీసి, రెండు మూడు నిమిషాలాగి పెట్టండి.

మ్యాక్, లినక్స్ వాడేవాళ్లకి

మ్యాక్‌లో హెచ్‌డీఎంఐ మానిటర్‌ని అవుట్‌పుట్‌గా ఎంచుకుంటే కీబోర్డ్ వాల్యూమ్ కీలు చాలాసార్లు పనిచేయవు. అది రోగం కాదు. వాల్యూమ్‌ని మానిటర్ బటన్లతోనే పెంచుకోవాలి. లినక్స్‌లో పల్స్ఆడియో వాల్యూమ్ కంట్రోల్ యాప్ తెరిచి, 'కాన్ఫిగరేషన్' ట్యాబ్‌లో 'డిజిటల్ స్టీరియో హెచ్‌డీఎంఐ' ప్రొఫైల్ ఎంచుకోండి.

ఆఖరి తీర్పు

ఇవన్నీ అయ్యాక కూడా నిశ్శబ్దమేనా? ఇంట్లో ఉన్న హెచ్‌డీ సెట్‌టాప్ బాక్స్‌నో, ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌నో అదే కేబుల్‌తో, అదే పోర్ట్‌కి పెట్టండి. దాంట్లో సౌండ్ వస్తే మానిటర్ శుభ్రంగా ఉంది, లోపం మీ కంప్యూటర్‌లో ఉంది. రాకపోతే కేబుల్, పోర్ట్ మార్చి ఇంకోసారి చూడండి. అప్పుడూ రాకపోతేనే మానిటర్ లోపల స్పీకరో బోర్డో పోయిందని అనుకోవాలి.

వారంటీ ఉంటే మానిటర్‌ని మీరు విప్పొద్దు, బయట విప్పించొద్దు. పచ్చగీతలు ఆడుతున్నది, రెండో డివైజ్‌తో కూడా సౌండ్ రానిది ఫోన్‌లో వీడియో తీసి సర్వీస్ సెంటర్‌కి చూపించండి. "డ్రైవర్ ప్రాబ్లమ్" అని తిప్పి పంపడం వాళ్లకి అంత తేలిక కాదు. వారంటీ అయిపోయి ఉంటే మాత్రం ఒక్కసారి లెక్క వేసుకోండి. రెండు వాట్ల స్పీకర్లకి రిపేర్ ఖర్చు పెట్టే బదులు, అదే డబ్బుతో విడిగా ఓ జత యూఎస్‌బీ స్పీకర్లు కొనుక్కోవడం మేలు. సౌండ్ కూడా వాటిదే బాగుంటుంది.